అత్తమ్మ నొప్పి, అల్మారాలోని మాత్రలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గరి పల్లె. మా అత్తమ్మకు అరవై రెండేళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు అది వెన్నుపూసకూ తుంటి ఎముకకూ పాకిందని హైదరాబాదులోని ఆసుపత్రిలో చెప్పి మళ్లీ కీమో మొదలుపెట్టారు. వెళ్లినప్పుడల్లా నర్సమ్మ నొప్పి పదికి ఎంత అని అడుగుతుంది. అత్తమ్మ రెండో మూడో అంటుంది. ఇంటికొచ్చాక రాత్రంతా కళ్లు మూయదు. నొప్పి ఎక్కువని చెబితే కీమో ఆపేస్తారని ఆమె భయం. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిస్తే ఇంజెక్షన్ ఇస్తాడు, పొద్దటిదాకా నిమ్మళంగా ఉంటుంది. డాక్టర్లు మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు గానీ, అవి చివరి దశలో ఇచ్చేవనీ అలవాటైపోతాయనీ చుట్టాలు అనడంతో అల్మారాలోనే ఉండిపోయాయి. పైగా నొప్పి మీద పరిశోధన చేస్తున్నాం, సంతకం పెట్టండి అని ఆసుపత్రిలో అడిగారు. ప్రయోగాలు చేస్తారేమోనని మా ఆయన వద్దంటున్నాడు. అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. మోకాళ్లు, నడుము పట్టేయడం ఆమెకు ముందునుంచీ ఉంది. మేమేం చేయాలి? – ఒక కోడలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నింటికీ సమాధానం చెబుతాను. అయితే మీరు అడగని ఒక విషయాన్ని అన్నింటికన్నా ముందు చెప్పాల్సి ఉంది. వెన్నుపూసకు క్యాన్సర్ పాకినవారిలో ఆ పూస కుంగి గానీ, లోపల గడ్డ పెరిగి గానీ వెన్నుపామును నొక్కే ప్రమాదం ఉంటుంది. కాళ్లు కొత్తగా బలహీనపడటం, నడుస్తుంటే తడబడటం, నడుము కింది భాగం మొద్దుబారడం, మూత్రం బిగుసుకుపోవడం లేదా మలమూత్రాలు తెలియకుండా పోవడం, పడుకున్నా దగ్గినా ఎక్కువయ్యే నొప్పి నడుము నుంచి పొట్ట చుట్టూ పట్టీ వేసి బిగించినట్టు రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా, వచ్చే వారం ఎలాగూ వెళ్తాం కదా అనుకోకుండా, 108కి ఫోన్ చేసి అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు స్టెరాయిడ్ మందు, రేడియేషన్, కొందరికి ఆపరేషన్ అవసరమవుతాయి. మనిషి ఇంకా నడవగలుగుతున్నప్పుడే చికిత్స మొదలైతే నడక నిలిచే అవకాశం చాలా ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయిన తర్వాత తిరిగి రావడం కష్టం. ఈ లక్షణాలు మీ ఒక్కరికే కాకుండా, మీరు పొలానికి వెళ్లినప్పుడు ఆమె దగ్గర ఉండేవాళ్లకు కూడా తెలిసి ఉండాలి.

ఇక నర్సమ్మ అడిగే అంకె సంగతి. రక్తంలో చక్కెర ఎంతో, బీపీ ఎంతో యంత్రం చెబుతుంది. నొప్పి ఎంతో చెప్పే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ ఇప్పటిదాకా లేదు. ఎముకలు ఒకే తీరుగా దెబ్బతిన్న ఇద్దరిలో ఒకరు లేచి తిరుగుతారు, మరొకరు మంచం దిగలేరు. నొప్పిని అధ్యయనం చేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలనీ, నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదని అనుకోకూడదనీ స్పష్టంగా రాసింది. ఇలా రాయవలసి రావడానికి కారణం ఉంది. డాక్టర్లూ నర్సులూ తమంతట తాము చూసి వేసే అంచనా, రోగి స్వయంగా చెప్పే నొప్పి కంటే తరచూ తక్కువగా ఉంటుందనీ, నొప్పి తీవ్రంగా ఉన్నవారి విషయంలోనే ఈ తేడా మరింత పెరుగుతుందనీ అనేక అధ్యయనాల్లో తేలింది. కాబట్టి మీ అత్తమ్మ రెండు అంటే కేసు షీటులో రెండే పడుతుంది, రెండుకు సరిపోయే మందే చీటీలోకి వస్తుంది. ఆమెకు మార్ఫిన్ రాశారంటే ఆమె చెప్పిన అంకెను మించి ఆ డాక్టరు ఆమె ముఖంలోనో, నడకలోనో ఏదో గమనించి ఉంటారని నాకు అనిపిస్తోంది.

కీమో ఆపేస్తారన్న ఆమె భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. క్యాన్సర్ రోగులు నొప్పిని ఎందుకు దాచుకుంటారని అడిగిన పరిశోధకులకు పలు దేశాల్లో దొరికిన సమాధానాలు దాదాపు ఇవే. డాక్టరు దృష్టి అసలు జబ్బు మీంచి మళ్లుతుందేమో అని కొందరు, మాటిమాటికీ ఫిర్యాదు చేసే మనిషి అనిపించుకోవడం ఇష్టం లేక కొందరు, నొప్పి పెరిగిందని ఒప్పుకుంటే జబ్బు పెరిగిందని ఒప్పుకున్నట్టేనని కొందరు నోరు మెదపరు. నిజానికి కీమో ఇవ్వాలా వద్దా అన్నది రక్తకణాల సంఖ్య, కాలేయం, మూత్రపిండాల పనితీరు, స్కానింగ్‌లో కనిపించే మార్పు, మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలుగుతోంది అన్నవాటిని బట్టి నిర్ణయిస్తారు. ఈ చివరి అంశాన్ని ఆమెకు నెమ్మదిగా వివరించండి. నొప్పి వల్ల నిద్ర లేక, తిండి సహించక, రోజులో ఎక్కువ సేపు మంచం మీదే ఉండే మనిషిని చూసి, ఈమె శరీరం కీమోను తట్టుకోలేదేమో అని డాక్టర్లు వెనకాడతారు. నొప్పిని దాచడం వల్ల ఆమె కాపాడుకోవాలనుకుంటున్న కీమోకే ముప్పు రావచ్చు.

పదికి ఎంత అనే ప్రశ్న బడికి వెళ్లని పెద్దవాళ్లకు చాలామందికి అర్థం కాదు, అర్థమైనట్టు తల ఊపుతారు. పాలమూరులో మత్తు డాక్టరుగా పనిచేసిన కాలమంతా నేను అంకెలకు బదులు రూపాయినే వాడాను. ఓర్చుకోలేనంత నొప్పిని రూపాయి అనుకుంటే, ఇప్పుడు ఉన్నది చారాణా, ఆఠాణానా, బారాణానా అని అడిగితే, నోరు విప్పని ముసలమ్మలు కూడా తడుముకోకుండా చెప్పేవారు. మాత్ర వేసుకున్నాక బారాణా నొప్పి చారాణాకు దిగిందని చెబితే డాక్టరుకు కావలసిన సమాచారమంతా అందులోనే ఉంది. ఈ లెక్కను ఇంట్లో ఆమెతో వాడి చూడండి, నర్సమ్మకు కూడా ఇదే చెప్పండి. పది అంకెల్లోకి మార్చుకోవడం నర్సమ్మకు తెలుసు.

అయితే అంకె అడిగినంత మాత్రాన వైద్యం అయిపోదని కూడా నేను గట్టిగా చెప్పాలి. అమెరికాలో 1990ల మధ్య నుంచి నొప్పిని నాడి, శ్వాస, జ్వరం, బీపీలతో పాటు ఐదో కీలక సూచికగా లెక్కించాలని ప్రచారం జరిగింది. 2001 నుంచి ఆసుపత్రుల గుర్తింపు ప్రమాణాల్లోనూ నొప్పిని నమోదు చేయడం చేరింది. ఉద్దేశం మంచిదే. కానీ అంకెను సున్నాకు దించడమే లక్ష్యమైపోయిన చోట, మనిషిని చూడకుండా మాత్రలు రాసేయడం పెరిగిందనీ, ఆ దేశంలో మార్ఫిన్ జాతి మందుల దుర్వినియోగానికి అది కూడా ఒక కారణమైందనీ విమర్శలు వచ్చాయి. 2016లో అక్కడి వైద్యుల సంఘం ఆ నినాదాన్ని వదిలేయాలని తీర్మానించింది. ఆ అనుభవం నుంచి మనం నేర్చుకోవలసింది అడగడం మానేయడం కాదు. అడిగిన తర్వాత ఏదో ఒకటి మార్చాలి, మార్చిన తర్వాత మళ్లీ అడగాలి. ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకో, మాత్ర ఇచ్చిన గంటకో వచ్చి, ఇప్పుడెలా ఉంది అని అడిగే నర్సు ఉన్న వార్డులో సగం వైద్యం సక్రమంగా నడుస్తున్నట్టే. ఆ రెండోసారి అడగడం మన ఆసుపత్రుల్లో చాలా చోట్ల లేదు. ఒక్కో నర్సు మీద అంతమంది రోగుల భారం ఉన్నప్పుడు అది వారి అలసత్వం వల్ల అనుకోవడం అన్యాయం. సిబ్బందిని పెంచి, కేసు షీటులో ఆ రెండో అంకెకు కూడా గడి పెట్టాల్సిన బాధ్యత ఆసుపత్రులను నడిపేవారిది.

ఇంటి దగ్గర ఆ రెండోసారి అడిగే పని మీరు చేయగలరు. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకొని, ఆసుపత్రికి వెళ్లే ముందు నాలుగైదు రోజులు రాయండి. నొప్పి ఏ వేళకు వచ్చింది, ఎక్కడ వచ్చింది, రూపాయిలో ఎంత, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంది, ఎంతసేపటికి తగ్గింది, తగ్గినది ఎంతసేపు నిలిచింది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది, బాత్రూముకు తనంతట తాను వెళ్లగలిగిందా, విరేచనం అయిందా అన్నవి చాలు. నొప్పిని ఆమె ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాయండి, మీరు శుద్ధి చేయకండి. బొక్కల్లో తీపులు పుడుతున్నాయి, లేచి అడుగు వేస్తే పోటు వస్తోంది అంటే అది ఎముక నుంచి వచ్చే నొప్పి కావచ్చు. మంటగా ఉంది, కరెంటు కొట్టినట్టు కాలు పొడుగునా గుంజుతోంది, చీర తగిలినా చురుక్కుమంటోంది అంటే నరం నొక్కుకుపోవడమో దెబ్బతినడమో జరిగి ఉండవచ్చు. నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి వేరే రకం మందులు కావాలి. ఆమె నోటి మాటను బట్టే మందు మారుతుంది కాబట్టి ఆ నోటుబుక్కును డాక్టరు టేబులు మీద పెట్టడానికి మొహమాటపడకండి.

ఇక్కడే మర్రిగూడ సంగతి కూడా వస్తుంది. మీరు ఉత్తరం చివర్లో మామూలుగా రాసిన ఆ వాక్యం నాకు చాలా ముఖ్యమైనదిగా తోచింది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన వారికి ఎముకలు చిక్కబడి, కీళ్లు, వెన్నుపూస బిగుసుకుపోయి, నడుమూ మెడా వంగకపోవడం మన నల్లగొండ జిల్లా తరతరాలుగా ఎరిగిన బాధ. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, అప్పటికే మారిపోయిన ఎముకలు పూర్వస్థితికి రావు. క్యాన్సర్ పాకినప్పుడు కూడా కొన్ని ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనిపించే అవకాశం ఉంది కాబట్టి, ఫ్లోరోసిస్ గురించి తెలియకుండా ఎక్స్‌రే చూసేవారు పొరబడవచ్చు. ఏది పాత నొప్పి, ఏది కొత్త నొప్పి అన్నది చికిత్సకు కీలకం. ఫ్లోరోసిస్ వల్ల పట్టేసిన మోకాలికి రేడియేషన్ పనికిరాదు, క్యాన్సర్ చేరిన తుంటికి వ్యాయామం ఒక్కటే సరిపోదు. ఆమె ఎక్కడ పుట్టి పెరిగింది, ఏ నీళ్లు ఎన్నేళ్లు తాగింది అన్నది హైదరాబాదు డాక్టర్లకు ఎవరూ చెప్పకపోతే తెలియదు. నోటుబుక్కు మొదటి పేజీలో అదే రాయండి.

ఎముకలో చేరిన క్యాన్సర్ నొప్పికి మాత్రలు కాకుండా మంచి చికిత్స మరొకటి ఉంది, అది రేడియేషన్. దీని మీద జరిగిన పరిశోధన మీలాంటి దూరపు కుటుంబాలకు ప్రత్యక్షంగా ఉపయోగపడుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పూర్వం ఎముక నొప్పికి రేడియేషన్‌ను ఐదు, పది విడతలుగా రోజూ ఇచ్చేవారు. ఒకే రోజు 8 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదులో ఒక్క విడత ఇస్తే ఎలా ఉంటుందని పలు దేశాల్లో రోగులను రెండు వర్గాలుగా చేసి పరీక్షించినప్పుడు, నొప్పి తగ్గడంలో రెండు పద్ధతులకూ తేడా లేదని తేలింది. ఒక్క విడత తీసుకున్నవారిలో కొందరికి, కొంతకాలం తర్వాత రెండోసారి ఇవ్వాల్సి వచ్చింది, అంతే. దేవరకొండ నుంచి హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్లు కుదుపుల్లో ప్రయాణించే మనిషికి, వెంట వెళ్లి కూలి పోగొట్టుకునే మనిషికి, పది రోజుల తిరుగుడుకూ ఒక్క రోజుకూ ఉన్న తేడా చిన్నది కాదు. వెన్నుపాము నొక్కుకుపోయినా, ఎముక విరిగేలా ఉన్నా డాక్టరు వేరే పద్ధతి ఎంచుకోవచ్చు. అందుకే, 'మా అత్తమ్మకు ఒక్క విడత రేడియేషన్ సరిపోతుందా?' అని ఈ మాటల్లోనే అడగండి. ఇచ్చిన తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి పెరిగినట్టు అనిపించవచ్చు, ఉపశమనం పూర్తిగా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది; ఆ లోపు మాత్రలు మానకూడదు. ఎముకలను గట్టిపరచే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ గురించి కూడా అడగండి. అది ఇచ్చే ముందు పళ్ల డాక్టరుకు చూపించడం, మూత్రపిండాల పరీక్ష చేయించడం అవసరం.

ఆర్‌ఎంపీ విషయానికి వస్తే, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి అతనొక్కడే అయినప్పుడు మీరు అతన్ని పిలవడంలో తప్పు లేదు. కానీ అతను ఇచ్చే ఇంజెక్షన్ బహుశా డైక్లోఫెనాక్ అయి ఉంటుంది, ఒక్కోసారి దానికి స్టెరాయిడ్ కూడా కలుపుతుంటారు. కీమో తీసుకుంటున్న పెద్దవయసు మనిషికి డైక్లోఫెనాక్ పదే పదే పడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, కడుపులో పుండై రక్తస్రావం కావచ్చు. కీమో వల్ల ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గిన రోజుల్లో తుంటికి సూది వేస్తే అక్కడ రక్తం గడ్డకట్టి గానీ, చీము పట్టి గానీ కొత్త ఇబ్బంది వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటే కీమో నిజంగానే ఆగిపోతుంది. అతనితో పేచీ పెట్టుకోకుండా, ఆసుపత్రి చీటీ చూపించి, ఇప్పటివరకు ఏ ఇంజెక్షన్ ఇచ్చాడో దాని పేరు కాగితం మీద రాయించుకోండి, ఇకపై సూదులు వద్దని చెప్పండి. ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. పారాసిటమాల్ చాలా మాత్రల్లో కలిసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే రోజుకు నాలుగు గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది దాటకూడదు, బక్కచిక్కిన మనిషికి అంతకంటే తక్కువే.

ఇప్పుడు అల్మారాలోని మాత్రల గురించి. మార్ఫిన్ చివరి దశలో ఇచ్చే మందు అన్న మాట మీ చుట్టాలకు ఊరికే పుట్టలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల చిక్కుకు భయపడి ఆసుపత్రులూ మందుల దుకాణాలూ మార్ఫిన్ ఉంచడమే మానేశాయి, దేశంలో దాని వాడకం దారుణంగా పడిపోయింది, ఒక తరం డాక్టర్లు దాన్ని రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు. వైద్యం కోసం నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశంలోనే ఇలా జరిగింది. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్‌ను నిల్వ చేసి రోగులకు ఇచ్చేలా దేశమంతటికీ ఒకే నియమం తెచ్చారు. అయినా 2017లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం లెక్క ప్రకారం, మన దేశంలో ఉపశమన వైద్యానికి అవసరమైన మార్ఫిన్ జాతి మందుల్లో రోగులకు చేరుతున్నది 4 శాతం మాత్రమే. అంత అరుదైన మందు, అందింది కూడా ప్రాణం పోయే ముందు రోజుల్లోనే కావడంతో, ఆ మందు వల్లే పోయారని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వాస్తవం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్లవారీ చికిత్స ప్రకటించి తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ సూచించింది, 2018 నాటి కొత్త మార్గదర్శకాల్లోనూ అది కొనసాగింది. ఎప్పుడు ఇవ్వాలన్నది నొప్పి తీవ్రతను బట్టి ఉంటుంది, మనిషికి ఎంత ఆయుష్షు మిగిలిందన్న దాన్ని బట్టి కాదు. రేడియేషన్‌తో నొప్పి దిగితే మార్ఫిన్ మోతాదును నెమ్మదిగా తగ్గించవచ్చు, మానేయవచ్చు కూడా. అలవాటు అన్న మాటకు సమాధానం: కొన్ని వారాలు వాడిన శరీరం ఆ మందుకు అలవాటు పడుతుంది కాబట్టి హఠాత్తుగా ఆపకూడదు, ఇది బీపీ మాత్రల్లో కొన్నింటికి కూడా వర్తించే జాగ్రత్త. కావాలని మందు కోసం వెంపర్లాడే వ్యసనం వేరే సంగతి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో సరైన మోతాదు తీసుకునేవారిలో అది అరుదు. మరో విషయం మీ ఆయనకు చెప్పండి. 2010లో అమెరికాలోని బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై జరిగిన అధ్యయనంలో, క్యాన్సర్ చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్, అంటే బాధలకు ఉపశమనమిచ్చే వైద్య బృందం కూడా చూసినవారు, చికిత్స మాత్రమే పొందినవారికంటే మెరుగ్గా జీవించారు, దిగులు తక్కువగా ఉంది, సగటున రెండు నెలలకు పైగా ఎక్కువ కాలం బతికారు. అది ఒక్క మందు చేసిన పని కాదు. నొప్పి, దిగులు, ఇంటి పరిస్థితి అన్నీ కలిపి చూసిన వైద్యం ఫలితం.

కానీ ఇది చదవగానే అల్మారా తెరిచి మాత్ర ఇవ్వకండి. అవి రాసిన తర్వాత ఆమె మూత్రపిండాల పరిస్థితి మారి ఉండవచ్చు, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ల సంగతి డాక్టరుకు తెలియదు, నిద్రమాత్రలు ఏవైనా వాడుతుంటే అదీ తెలియాలి. చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేసి, ఇప్పటివరకు మొదలుపెట్టలేదని దాచకుండా చెప్పి, ఎలా మొదలుపెట్టాలో అడగండి. సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. నొప్పి వచ్చాక వేసుకుందాంలే అని ఆగకుండా గడియారం ప్రకారం ఇవ్వాలి, మధ్యలో పోటు ఎక్కువైతే అదనంగా ఎంత ఇవ్వవచ్చో ముందే రాయించుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వికారం రావచ్చు, ఇవి తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. మొదటి రోజు నుంచే విరేచనానికి మందు కూడా ఇవ్వాలి. ఆ మందు రాయకపోతే మీరే అడగండి, ఎందుకంటే మార్ఫిన్ మధ్యలో మానేసినవారిలో చాలామంది దీన్ని తట్టుకోలేకే మానేస్తారు. ఎంత పిలిచినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే 108ని పిలవాలి. మాత్రలు తాళం వేసి ఉంచండి, నడుమునొప్పి అని అడిగిన పక్కింటివాళ్లకు ఒక్కటి కూడా ఇవ్వకండి.

ప్రతిసారీ హైదరాబాదు పరుగెత్తాల్సిన అవసరం లేదు. మన రాష్ట్రంలో జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వాసుపత్రులకు అనుబంధంగా పాలియేటివ్ కేర్ కేంద్రాలు నడుస్తున్నాయి; మంచాన పడ్డవారి ఇంటికి నర్సు, ఫిజియోథెరపిస్టు బండిలో వచ్చి చూసే ఏర్పాటు కూడా వాటితో ముడిపడి ఉంది. నల్లగొండ ప్రభుత్వాసుపత్రికి ఒకసారి వెళ్లి, ఆమె కాగితాల జిరాక్సులు ఇచ్చి పేరు నమోదు చేయించండి. మీ ఊరి ఆశ కార్యకర్తకూ, ఏఎన్‌ఎంకూ ఆమె పరిస్థితి చెప్పండి. ఉపశమన సంరక్షణ ఇప్పుడు పల్లె దవాఖానాల సేవల జాబితాలోనూ ఉంది. కాగితం మీద ఉన్నది మీ గడప దాకా రావాలంటే ఎవరో ఒకరు అడగాలి. కేరళలో 1993లో కోజికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైనది ఊరూరా ఇళ్లకు చేరిందంటే, ఇరుగుపొరుగువాళ్లు దాన్ని తమ పనిగా తీసుకోవడం వల్లనే; 2008లో అక్కడి ప్రభుత్వం విధానం ప్రకటించింది ఆ తర్వాతే.

పరిశోధన కాగితం విషయంలో మీ ఆయన భయం అర్థం చేసుకోదగినదే, పేదవాళ్ల మీద చెప్పకుండా మందులు ప్రయోగించిన చరిత్ర ప్రపంచంలో ఉంది. సరిగ్గా ఆ చరిత్ర వల్లే ఇప్పుడు నియమాలు గట్టిపడ్డాయి. నొప్పి మీద జరిగే అధ్యయనాల్లో కొత్త మందులతో సంబంధం లేనివీ ఉంటాయి. నొప్పిని ఎంత తరచుగా అడుగుతున్నారు, అడిగాక ఏం మారుతోంది, ఇంటికి వెళ్లాక ఫోన్ చేస్తే మేలు జరుగుతోందా అని తెలుసుకునేవి. మీకు ఇచ్చిన కాగితం ఏ రకమో తేల్చుకోవడానికి కొన్ని ప్రశ్నలు అడగండి: మామూలుగా అందే చికిత్సకు అదనంగా ఏం చేస్తారు, అందులోంచి ఏమైనా తీసేస్తారా, కొత్త మందు ఉందా, మమ్మల్ని ఏదో ఒక వర్గంలో చీటీ వేసి కలుపుతారా, మధ్యలో మానుకుంటే చికిత్సకు ఇబ్బంది ఉంటుందా, ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ వివరాలన్నీ ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, చదవలేని వారికి సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి, ఎప్పుడైనా కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. కొత్త మందు ప్రయోగమైతే, దానివల్ల హాని జరిగినప్పుడు ఉచిత వైద్యమూ నష్టపరిహారమూ ఇవ్వాలని 2019 నియమాలు చెబుతున్నాయి. సమాచార పత్రం నకలు ఇంటికి తెచ్చుకొని, చదివి, తర్వాతి వారం చెబుతామనే హక్కు మీకుంది. ఆ నకలు ఇచ్చేది లేదంటే సంతకం పెట్టకండి.

ఇంకొక మాట. ఆ సంతకం మీ ఆయనది కాదు, మీదీ కాదు, అత్తమ్మది. ఆమె తెలివిలో ఉంది, మాట్లాడుతోంది, భయపడుతోంది, ఆలోచిస్తోంది. ఆమెను కూర్చోబెట్టి చెప్పి, ఆమె ఏమంటుందో వినాలి. వద్దంటే వద్దు. ఒప్పుకుంటే మాత్రం అందులో ఒక ఉపయోగం ఉందని నేను నమ్ముతున్నాను. నొప్పిపై మనం ఆధారపడే అధ్యయనాలు చాలావరకు ధనిక దేశాల రోగులపై చేసినవి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎముకల్లో క్యాన్సర్ నొప్పి ఎలా ఉంటుంది, బతుకుదెరువుకు వలసపోయి మట్టి మోసిన పాలమూరు నడుములకు ఏ చికిత్స నిలుస్తుంది, అంకెలు రాని పెద్దమ్మకు నొప్పిని ఎలా అడగాలి అన్న ప్రశ్నలకు జవాబులు మీ అత్తమ్మ లాంటివారు చెబితేనే దొరుకుతాయి.

ఈలోగా ఇంట్లో రెండు జాగ్రత్తలు. ఆమె నడుము, తుంటి గట్టిగా మర్దన చేయడం, నాటు వైద్యుడితో విరుపులు తీయించడం అసలు చేయకూడదు. క్యాన్సర్ చేరిన ఎముక అంత ఒత్తిడికే విరగవచ్చు. మొద్దుబారిన చోట వేడినీళ్ల కాపడం పెడితే చర్మం కాలినా ఆమెకు తెలియదు. ఇక రాత్రి వంతు అంతా మీరొక్కరే మోయకండి, మాత్ర వేళలు మీ ఆయనకూ నేర్పండి. నాలుగు గంటలకోసారి లేచే పని ఒక్కరితో ఎక్కువ రోజులు సాగదు. రేపు ఉదయం ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు ముందుగా ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ల పేరు చెప్పండి, ఆ తర్వాత మార్ఫిన్ ఎలా మొదలుపెట్టాలో, విరేచనానికి ఏం ఇవ్వాలో అడిగి నోటుబుక్కులో రాసుకోండి, ఒక్క విడత రేడియేషన్ గురించి మాట్లాడటానికి ఏ రోజు రమ్మంటారో కూడా అప్పుడే అడిగి తేదీ తీసుకోండి.